సూరత్ మావయ్య నీడ

(బరంపురంలో ఇంటి ముందు గదే స్టూడియో. పెళ్లికి రాలేకపోయిన మేనమామని ఫొటోషాప్‌లో గ్రూపు ఫొటోలో నిలబెట్టాలి. రేపు 12x36 అంగుళాల ఆల్బం షీటు ప్రింటుకి పోవాలి.)

లక్ష్మి: ఏటండీ, ఈయన గాల్లో తేలతన్నాడేటి?

అప్పారావు: సూరత్‌లో రైలు దొరక్క ఎగిరొచ్చాడనుకో. డ్రాప్ షాడో పెట్టాను కదా.

లక్ష్మి: అది గోడకంటించిన పోస్టరు నీడ. పైగా అందరి ముక్కుల నీడా కుడికి పడితే, ఈయన నీడ ఎడమకి పోయిందేటి?

అప్పారావు: యాంగిల్ తిప్పితే పెళ్లికూతురి పేరు కింద నీడ కూడా తిరిగిపోతన్నాది!

లక్ష్మి: యూజ్ గ్లోబల్ లైట్ టిక్కు తియ్యండి. అదుంటే ఒకటి తిప్పితే అన్నీ తిరుగుతాయి, మీ అన్నదమ్ముల్లాగ. ఇప్పుడు ఆయన పొర, అదే లేయర్, కింద ఆ ఎఫెక్ట్ మీద రైట్ క్లిక్ చేసి క్రియేట్ లేయర్ కొట్టండి. నీడ వేరే లేయరైపోతాది. కంట్రోల్ టీ నొక్కి, కంట్రోల్ పట్టుకుని పై మూలలు లాగి నేల మీద పడుకోబెట్టండి.

అప్పారావు: మా అమ్మనెప్పుడైనా ఇంత నెమ్మదిగా పడుకోబెట్టావా?

లక్ష్మి: ఆవిడకి మల్టిప్లై మోడ్ లేదు మరి. దీనికుంది, కింద నేల కనపడేలాగే నల్లబరిచేది, అది మార్చకండి. కాళ్ల దగ్గర నీడ గట్టిగా, దూరం పోయేకొద్దీ మసగ్గా ఉండాల. ఒకటే బ్లర్ మొత్తానికి రుద్దేస్తే బురదలాగుంటాది... అయ్యో, ఎడం చెవేదీ?

అప్పారావు: వెనకాల గోడ చెరుపుతుంటే రబ్బరుకి తగిలింది.

లక్ష్మి: రబ్బరెవరు ముట్టమన్నారు? లేయర్ మాస్కు పెడితే నలుపు బ్రష్షుతో దాచినదాన్ని తెలుపు బ్రష్షుతో మళ్లీ తెచ్చుకోవచ్చు.

అప్పారావు: కుడి చెవి కాపీ కొట్టి ఫ్లిప్ హారిజాంటల్ చేస్తే?

లక్ష్మి: కుడి చెవికే కదా పోగున్నాది! రెండోది మీరు చేయించి పెడతారా? ఫొటో మళ్లీ తెప్పించండి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే చిక్కిపోతాది. షీటుకి అంగుళానికి 300 పిక్సెల్స్ రిజల్యూషన్‌లో 3600 ఇంటూ 10800 పిక్సెల్స్ గావాల.

(గంట తరువాత. చెవి వచ్చింది, నీడ పడుకుంది. ఫోను మోగుతుంది.)

అప్పారావు: పెళ్లికొడుకు తల్లి. తమ్ముణ్ణి ఆ చివర కాదు, తన పక్కన నిలబెట్టమంటంది.

లక్ష్మి: దానికేటి? ఆయన లేయరూ నీడ లేయరూ కలిపి పట్టుకుని జరపడమే. లేయర్లున్న పీయస్‌డీ ఫైలు తెరవండి.

అప్పారావు: ...బరువుగా ఉన్నాదని ఫ్లాటెన్ కొట్టి లేయర్లన్నీ ఒకటి చేసేసి, జేపెగ్‌గా సేవ్ చేసి, మూసేశాను.

లక్ష్మి: అయితే వెనక్కి తిప్పుకునే హిస్టరీ కూడా పోయినట్టే. ఆవిడెప్పుడొస్తంది?

అప్పారావు: సందు మొదట్లో ఉన్నాదట. నువ్వు టీ పెట్టు. గంటన్నర పట్టే టీ.