మద్దెల నిజంగానే ఓడు

ఆడలేక మద్దెల ఓడన్నారని వెక్కిరించడానికి పెద్దలు ఒక సామెత పుట్టించారు. ఆ పెద్దలు క్యారమ్స్ ఆడి ఉండరు. సాయంత్రం ఆరు దాటాక తిరుపతిలో కొర్లగుంట వైపో బైరాగిపట్టెడ వైపో ఏదైనా మిద్దె మీది రేకుల షెడ్డుకు ఎక్కి చూడండి. ఇరవై ఏళ్ళుగా ఓడిపోతూ, ఆ ఇరవై ఏళ్ళూ తప్పు బోర్డుదేనని రుజువు చేస్తూ, ఆ రుజువు చుట్టూ ఉద్యోగం, పెళ్ళి, పింఛను అన్నీ సర్దుకున్నవాళ్ళు కనబడతారు. వీళ్ళను పనీపాటా లేనివాళ్ళనడం అన్యాయం. ఎంత పనో చూడండి.

మొదట నేల. మిద్దె మీద నేల సమంగా ఉండదు. వాననీళ్ళు తూము వైపు పోవాలని మేస్త్రీ కావాలనే వాలు పెడతాడు. దాని మీద స్టాండు వేస్తే కాయిన్లూ తూము దారే పడతాయి. అందుకే ఓడినవాడు ముందుగా అడిగేది రసమట్టం. దాన్ని ఒక్క అంచున పెట్టి చూస్తే చాలదు. ఈ మూల నుంచి ఆ మూలకు, తర్వాత మిగతా రెండు మూలల మధ్య ఆనించి బుడగ ఎక్కడుందో చూడాలి. నడుమకు రాలేదంటే ఒక కాలు పొట్టిదైందని అర్థం. దాని కింద పెళ్ళిపత్రిక మడిచి దోపాలి. మందపాటి పత్రిక వచ్చిన రోజు షెడ్డులో ఆ పెళ్ళివారికి మనసారా ఆశీర్వచనం. స్టాండు ఎత్తు 63 నుంచి 70 సెంటీమీటర్లు, పత్రికలతో కలిపి.

తర్వాత ప్లైవుడ్. నిబంధనల ప్రకారం మందం 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పుట్టినరోజుకు పిల్లలకు కొనిచ్చే బోర్డులో అంత మందం వెతకొద్దు. పైగా దాన్ని ఆట అయ్యాక గోడకు ఏటవాలుగా చేరేస్తారు. నాలుగు నెలల్లో నడుము వంగుతుంది. స్టీలు స్కేలును నిలువుగా పెట్టి చూస్తే మధ్యలో కింద నుంచి వెలుతురు కనబడుతుంది. అలాంటి బోర్డు మీద దాని సొంతదారుడే గెలుస్తాడు, ఆ గుంట ఆయనకు కంఠతా వచ్చు కాబట్టి. మంచి బోర్డుకు ఒక పరీక్ష ఉంది. 15 గ్రాముల స్ట్రైకర్‌ను బలంకొద్దీ కొడితే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కనీసం మూడున్నరసార్లు పోయి రావాలి. మూడుకే ఆగిందా, ఆ సాయంత్రం ఓటములన్నీ రద్దు.

అసలు శాస్త్రమంతా పౌడర్‌లో ఉంది. బోరిక్ పౌడరే వాడాలి. ముఖానికి రాసుకునేది చెమ్మ తగలగానే కాయిన్ల కింద అట్ట కడుతుంది. చిటికెడు చల్లి, పొడి నూలుగుడ్డతో నాలుగు వైపులకూ పరిచి, మిగిలింది తుడిచేయాలి. మనవాళ్ళు విభూతి అభిషేకం చేసినట్టు గుప్పెడు పోస్తారు. స్ట్రైకర్ చెప్పిన మాట వినకుండా జారిపోతుంది. కొట్టుకుపోయిన పొడి ఫ్రేము మొదట్లో గట్టులా పేరుకుని రీబౌండ్‌ను మింగేస్తుంది. (అవే చేతులతో మిరపకాయ బజ్జీ అందుకునేవారు లేచి చేతులు కడుక్కోవాలి. బోరిక్ కడుపులోకి పోవలసిన వస్తువు కాదు.)

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండమని టీవీ చెప్పేలోపే బోర్డు చెప్పేస్తుంది, కాయిన్ సగం దారిలో నిలబడిపోతుంది. ఒకప్పుడు బోర్డు నెత్తిన 100 వాట్ల బల్బు వేలాడేది. కరెంటు బిల్లు కట్టేవాళ్ళు అది వెలుగు కోసమనుకున్నారు. బోర్డు చెమ్మ లాగేదీ అదే. ఎల్ఈడీ వెలుగిస్తుంది గానీ అంత వేడి ఇవ్వదు. దేశం కరెంటు ఆదా చేసుకుంది, నవంబరులో ఓడేవాళ్ళకు మాత్రం కొత్త సాక్ష్యం దొరికింది.

స్ట్రైకర్ బరువు 15 గ్రాములు దాటకూడదు, అడ్డకొలత 4.13 సెంటీమీటర్లు దాటకూడదు. ఎదుటివాడి స్ట్రైకర్ మీద అనుమానం వస్తే నగల కొట్టు త్రాసే శరణ్యం. ఇంటావిడ కమ్మలు తూచే వంకతో దీన్నీ తూపించుకొచ్చే భర్తలున్నారు. కమ్మల బరువు అడిగితే గుర్తుండదు.

లెక్కల దగ్గర తరాల తగవు. ఇప్పటి నిబంధనల్లో రెడ్‌కు, అంటే ఎర్ర కాయిన్‌కు, 3 పాయింట్లు, ఆట 25కు. నాన్న దగ్గర నేర్చుకున్నవాళ్ళు రెడ్‌కు 5, ఆట 29 అంటారు. రెడ్ తనకు పడ్డ రోజు నాన్న మాట, అవతలివాడికి పడ్డ రోజు నిబంధనలు రాసిన క్యారమ్ ఫెడరేషన్ మాట. రెండుసార్లు ప్రపంచ విజేతగా నిలిచి, 1996కు గాను అర్జున అవార్డు పొందిన మరియ ఇరుదయం పక్కనున్న చెన్నై మనిషే కదా, ఆయన అంత ఎలా ఆడారని ఎవరైనా అడిగితే షెడ్డులో జవాబు ఒకటే: “ఆ ఊరి బోర్డులు వేరే సామీ!”

ఇక ఇంటికి ఫోనులో చెప్పే “ఒక్క బోర్డు ఆడేసి వస్తా” అబద్ధం కాదు, అసంపూర్తి వాక్యం. ఇక్కడ బోర్డంటే కాయిన్లు పేర్చి ఆడే ఒక విడత. 25 పాయింట్లు ముందొస్తే సరి, లేకపోతే ఒక ఆట 8 బోర్డులు. మ్యాచ్ అంటే మూడింట రెండు ఆటలు గెలవాలి. రసమట్టం వెనక్కి తీసుకుపోదామని మిద్దెక్కిన మేస్త్రీ కూడా “కూర్చోన్నా, ఒక్క బోర్డు” అంటే కూర్చుంటాడు. పది దాటాక మ్యాచ్ ఓడి లేస్తాడు. లేస్తూ నేల వైపు ఒకసారి చూసి, “ఇది యెవుడు ఏసినాడోగానీ, వాలుగా ఉంది సామీ” అంటాడు. ఏసింది ఆయనే.