నాకు చుక్కలు చూపిస్తున్న స్టఫింగ్ బాక్స్‌కి

శ్రీ స్టఫింగ్ బాక్స్ గారికి, మేరీల్యాండ్ నుంచి మీ ఓనరు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ పడవ అడుగున మీరు కూడా నిమిషానికి మూడు చుక్కల చొప్పున కారుతూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. సరే, మర్యాద ఇక్కడితో చాలు, ఇక నువ్వు అనే అంటా.

అసలు నీ ఉద్యోగం ఏంటి? ఇంజన్ నుంచి వచ్చే షాఫ్టు పడవ బయటికెళ్ళి ప్రొపెల్లర్‌ని తిప్పాలి కదా, ఆ కన్నంలోంచి చెసపీక్ బే అనే ఉప్పు నీళ్ళ అఖాతం మొత్తం లోపలికి రాకుండా చూడటం, అంతే. మళ్ళీ అస్సలు కారకపోతే అదో తప్పంట! షాఫ్టు తిరిగేప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలంట, దాన్ని చల్లగా ఉంచేవి ఆ నీళ్ళేనంట, ఇంజన్ ఆపాక మాత్రం బుద్ధిగా ఆగిపోవాలంట. కుళాయి కారితే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అమ్మ అర్ధరాత్రి లేచి కట్టేసేది, ఆవిడ కడుపున పుట్టి నేనిప్పుడు చుక్క పడట్లేదేంటా అని టార్చిలైటు పట్టుకుని బోర్లా పడుకుని లెక్కపెడుతున్నా.

పోనీ నీళ్ళు ఆపడానికి నీ కడుపులో షాఫ్టు చుట్టూ ఏ తాడు కూరాలో అదన్నా తేలుతుందా? పాతకాలం వాళ్ళు అవిసె నార అంటారు, కొవ్వో మైనమో పట్టించింది. కొలెస్ట్రాల్ తగ్గాలని మా ఆవిడ నాకు ఇడ్లీలోకి అవిసె గింజల పొడి వేస్తుంటే నీకేమో అదే అవిసెకి కొవ్వు పూసి పెట్టాలి, నీ రాత బాగుంది. లేదు లేదు, టెఫ్లాన్ పట్టించిన నార కొను అని ఇంకొకరు. అవేం వద్దు, పిండిలా నొక్కే జిగురు ముద్ద దొరుకుతుంది అది కూరెయ్ అని మరొకరు.

ఊళ్ళో నాన్నకి ఫోన్ చేస్తే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు, "గ్రాఫైట్ తాడు వెయ్యరా, మన కాలవ గట్టు ఇంజనుకి ఎన్నేళ్ళు వెయ్యలా." నిజమే, పంపు గ్లాండూ (పంపు షాఫ్టు దగ్గర నీళ్ళు కారకుండా తాడు కూరే చోటు) నువ్వూ ఒక తల్లి పిల్లలే, కానీ నాన్నది గోదారి కాలవ, మంచినీళ్ళు. ఉప్పు నీళ్ళలో గ్రాఫైటూ స్టీలూ ఆనుకుని కూర్చుంటే తుప్పు తినేసేది స్టీలునే, నా షాఫ్టు కూడా స్టీలే.

మూడు వారాలు ఆలోచించి టెఫ్లాన్ నారకి ఫిక్స్ అయ్యా. కొక్కెం పెట్టి పాతది లాగితే మాడిన వడియంలా నల్లగా ముక్కలు ముక్కలుగా వచ్చింది, దాన్నే కొలిచి అదే సైజు తెచ్చా, అదేమో ఏళ్ళ తరబడి నలిగి సన్నబడిందని నాకేం తెలుసు! కొలవాల్సింది తాడుని కాదు, షాఫ్టుకీ నీ గోడకీ మధ్య సందుని. నా ఒక అంగుళం షాఫ్టు దగ్గర అది పావు అంగుళం. మళ్ళీ షాపుకెళ్ళా. ఈసారి స్ప్రింగులా చుట్టకుండా విడివిడిగా మూడు రింగులు కోసి, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా తిప్పి పెట్టా, లోపల నాలుగో పాత రింగు ఏమన్నా మిగిలిందేమో అన్న అనుమానంతో నిద్ర మాత్రం రెండు రాత్రులు లేదు.

ఇక్కడిదాకా బానే ఉంది, ఆ తర్వాత నాలో అమ్మ నిద్రలేచింది. చుక్క పడుతోందని తాడుని నొక్కి పట్టే నట్టు ఓ పావు తిప్పు బిగించా, ఇంకో చుక్క, ఇంకో పావు తిప్పు, మొత్తానికి ఆగింది, కుళాయి కట్టేసినంత ఆనందం. ఇరవై నిమిషాలు ఇంజన్ నడిపి చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే కాలింది. గోరువెచ్చగా ఉంటే పర్లేదట, నువ్వు మాత్రం దోసె వేసుకునేంత వేడెక్కి కూర్చున్నావ్. మూడు వారాలు నారలూ టెఫ్లాన్లూ పోల్చి పోల్చి తల బద్దలు కొట్టుకున్నా, చివరికి నిన్ను మాడ్చింది నా స్పానరే. నట్టు వదులు చేసి నాన్నకి చెప్తే ఆయన నవ్వి "గ్లాండు గట్టిగా బిగిస్తే షాఫ్టుని తినేస్తుందిరా, ఆ మాత్రం తెలీదా" అన్నారు. ముందే చెప్పొచ్చుగా నాన్నా, తాడు గురించి మాత్రం అడక్కముందే చెప్పేస్తారు.

అసలు చుక్కే పడని సీలు ఉంది, కార్బన్ రింగూ స్టీలు రింగూ రాసుకుంటుంటే వెనక నుంచి రబ్బరు బెలో (ముడతల గొట్టం) కార్బన్ రింగుని నొక్కి పట్టేది, అది పెట్టించుకో అని పక్క పడవాయన పోరు. వందల డాలర్లు. పైగా ఆ రబ్బరు చిరిగిన రోజు నీళ్ళు చుక్కలుగా రావు, వరదొస్తుంది. నువ్వు చెడితే నెమ్మదిగా, ముందే ఏడుస్తూ చెడతావ్, అదొక్కటే నీలో నాకు నచ్చింది.

ఇట్లు,
నీ చుక్కలు లెక్కపెట్టే గుమస్తా

తా.క. అవిసె పొడి డబ్బా క్యాబిన్‌లో మర్చిపోయా. అది నాది.