దయచేసి హింట్లు ఇవ్వకండి మాస్టారూ

విజయనగరం పాత ఊళ్ళో ఎలా నడవాలో తెలియక జనం తరతరాలుగా నానా అవస్థా పడ్డారు. 1713లో కోటకి పునాది వేసిన నాటి నుంచి మొన్నమొన్నటి దాకా, గంటస్తంభం నుంచి కోట దాకా, కోట నుంచి అయ్యకోనేరు గట్టు దాకా, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు నడిచేశారు. కూరలకని బయల్దేరి కోవెలకి వెళ్ళిపోయేవారు. కోవెలకని బయల్దేరి ఎవరి అరుగు మీదో కూలబడి మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పేవారు. ఒక పద్ధతి లేదు, పాయింట్లు లేవు, చివర్లో సర్టిఫికెట్ అసలే లేదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసంతటి వారు కూడా ఇన్నేళ్ళు ఈ వీధుల్లో తిరిగి ఒక్క డిజిటల్ బ్యాడ్జి సంపాదించుకోలేకపోయారంటే పరిస్థితి ఎంత ఘోరంగా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు ఆ కొరత తీరింది. మనకి ‘ఇంటరాక్టివ్ హెరిటేజ్ వాక్’ వచ్చింది.

మీరూ చూసే ఉంటారు. ఆదివారం పొద్దున్నే ఇరవై మంది వరసగా వస్తారు. మెడలో నారింజ రంగు తాడు, దానికో కార్డు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతుల్లో ఫోన్లు. అందరి తలలూ వంగి ఉంటాయి. అది ఊరి మీద గౌరవం అనుకునేరు. మ్యాపులో నీలం చుక్క ఎటు పోతోందో చూసుకోవడం. ముందు ఒక కుర్రాడు చిన్న జెండా పట్టుకుని నడుస్తాడు. ఆయన్ని గైడ్ అంటే చిన్నబుచ్చుకుంటాడు. స్టోరీటెల్లర్ అనాలి. మనిషికి టికెట్టు 799 రూపాయలు. అందులోనే ఒక నీళ్ళ సీసా, ‘ఆథెంటిక్ లోకల్ స్నాక్’ పేరుతో రెండు గారెలు. ఆ గారెలు మన సందు చివర బండి దగ్గరవే. బండివాడికి తన గారె ఆథెంటిక్ అని ఇంకా తెలీదు కాబట్టి పాత రేటుకే ఇస్తున్నాడు. దయచేసి ఎవరూ చెప్పకండి.

ఇక ఇందులో విశేషం ఏమిటంటే, నడిచేవాళ్ళు ఊరికే చెవులప్పగించి వినరు, పాల్గొంటారు. గోడకి అతికించిన చదరపు స్టిక్కరు ముందు ఫోను పెడితే ఒక ఆడగొంతు పలుకుతుంది. నాలుగు ముక్కలు చెప్పి, ప్రశ్న అడిగి, నాలుగు జవాబులు చూపిస్తుంది. ఒకటి నొక్కాలి. ఒప్పయితే యాభై పాయింట్లు, చప్పట్ల మోత. తప్పయితే తెర మీద ఏనుగు ఏడుస్తుంది. ఏనుగే ఎందుకని అడిగాను. రాజుల ఊరు కదా సర్, అన్నాడు స్టోరీటెల్లర్.

ఇంత వివరంగా నాకెలా తెలుసంటే, ఈ యాత్రలో ఏడో మజిలీ మా వీధే. ఎవరినీ ఒక్క మాట అడక్కుండా మా ఎదురింటి అరుగు స్తంభానికి స్టిక్కరు కొట్టేసి పోయారు. ఆ ఇల్లు రిటైరైన తెలుగు మాస్టారిది.

ఆ రోజు మాస్టారు పంచె, బనీనుతో అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. పక్కన గ్లాసులో కాఫీ. ఇరవై మంది వచ్చి ఆయన చుట్టూ మూగి నిలబడ్డారు. ఏం కొంప మునిగిందో అని ఆయన కంగారుగా లేచారు.

“ఏటి బాబూ, ఏటయింది?”

ఎవరూ పలకలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి కదా. అందరూ ఆయన భుజం పక్క నుంచి చేతులు చాపి స్తంభానికి ఫోన్లు చూపించారు. ‘ఇలాంటి అరుగుల మీదే ఒకప్పుడు పెద్దలు కూర్చుని ఊరి ముచ్చట్లు చెప్పుకునేవారు’ అని ఆ గొంతు చెబుతోంది. ఒకప్పుడట. ఆ పెద్దాయన కాఫీ గ్లాసు పట్టుకుని వాళ్ళ ముందే నిలబడి ఉన్నాడు.

తర్వాత ప్రశ్న వచ్చింది. స్టోరీటెల్లర్ దాన్ని పైకి చదివాడు. “గైస్, కన్యాశుల్కం నాటకాన్ని మొదటిసారి ఎప్పుడు ప్రదర్శించారు? ఆప్షన్స్: 1892, 1897, 1909, 1915. మీకు ముప్పై సెకన్లు.”

“1892” అన్నారు మాస్టారు. జీవితమంతా ఇలాంటివి అడిగిన మనిషి, ఎదురుగా ప్రశ్న వేలాడుతుంటే ఊరుకోగలరా? “ఇక్కడే, మనూళ్ళోనే వేశారు. జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు. 97లో అచ్చయింది. 1909లో గురజాడ అప్పారావు గారు దాన్ని మళ్ళీ పెంచి రాశారు. 1915 ఆయన పోయిన ఏడు. నాలుగూ మంచివే పెట్టారు బాబూ, ఎవరు తయారు చేశారో గానీ.”

ఇరవై మందీ 1892 నొక్కారు. ఇరవై ఫోన్లూ చప్పట్లు కొట్టాయి. స్టోరీటెల్లర్ మొహం మాత్రం మాడిపోయింది.

“సర్, ప్లీజ్. హింట్లు ఇవ్వకండి. ఇది గేమ్.”

“హింటు కాదు నాయనా, జవాబే చెప్పీసినాను.”

“పార్టిసిపెంట్స్ మాత్రమే చెప్పాలి సర్.”

“నేనిక్కడే ఉంటాను” అన్నారు మాస్టారు, అదేదో అర్హత అన్నట్టు.

గుంపులో ఒక అమ్మాయి పొరపాటున ఒక చెవిలోది తీసేసింది. “తాతగారూ, నాటకం ఎక్కడ మొదలవుతుంది?” అని అడిగింది. ఇంకేముంది, మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. మొదటి రంగమే మన బొంకుల దిబ్బ దగ్గరమ్మా అని మొదలుపెట్టి, కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, గొంతు సవరించుకుని గిరీశాన్ని దింపబోతున్నారు. ఇంతలో ఆ అమ్మాయి ఫోను గిర్రున వణికింది. ఒకే చోట ఎక్కువసేపు నిలబడినందుకు ‘మీరు దారి తప్పారు’ అంది. జట్టుకి వంద పాయింట్లు కోత. జట్టులోని కుర్రాళ్ళు ఆమెని చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. మాస్టారు మెట్టు దిగి వాళ్ళ వెనకే రెండడుగులు వేశారు, మాట సగంలో ఉంది మరి. అప్పుడు వచ్చింది అసలు దెబ్బ.

“సర్, కొంచెం పక్కకి. గ్రూప్ ఫొటో. అరుగు ఖాళీగా ఉంటే ఆ ఓల్డ్ ఫీల్ వస్తుంది.”

మాస్టారు తన అరుగు ముందు నుంచి తప్పుకుని నడిరోడ్డు మీద నిలబడ్డారు. వెనక నుంచి ఆటోవాడు హారన్ కొట్టి మరీ తిట్టాడు. ఫొటో బాగానే వచ్చిందట. లోపల్నించి ఆయన భార్య కేక వేశారు, “ఎవరొచ్చారండీ?” అని.

“మనిల్లు చూడ్డానికొచ్చారు.”

“లోపలికి రమ్మనకపోయారా, కాఫీ ఇద్దును కదా.”

“టైము లేదంట.”

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆ ఫొటో చూసి పైవాళ్ళెవరో, అరుగు మరీ బోసిగా ఉంది, ఒక ముసలాయన ఉంటే నిండుగా ఉంటుందన్నారట. తరవాతి వారం స్టోరీటెల్లర్ చేతులు కట్టుకుని వచ్చాడు. “సర్, మీరు అరుగు మీద కూర్చోవాలి. పేపరు పట్టుకుని. ఒక్కో వాక్‌కి రెండు వందలు ఇస్తాం. మాట్లాడక్కర్లేదు.” మాస్టారు చాలాసేపు ఆలోచించి బేరం చెప్పారు. కూర్చోవడానికి డబ్బు అక్కర్లేదు, రోజూ కూర్చునేదే. మాట్లాడకుండా ఉండడానికి మాత్రం అయిదు వేలవుతుంది. పైవాళ్ళని అడిగి చెబుతానని వెళ్ళాడు.

తక్కిన మజిలీల గురించి క్లుప్తంగా చెబుతాను. అయ్యకోనేరు గట్టు మీద ‘మైండ్‌ఫుల్ మూమెంట్’. కళ్ళు మూసుకుని గాఢంగా ఊపిరి పీల్చమంటుంది ఆ గొంతు. ఆ ఆడమనిషి ఎవరో గానీ విజయనగరం ఎప్పుడూ రాలేదని అక్కడ తేలిపోతుంది. 1885 నాటి గంటస్తంభం దగ్గర సెల్ఫీ, దానికి పాతిక పాయింట్లు. ఎనిమిది మూలల స్తంభం, ఎటు నుంచి తీసినా బైకులే పడతాయి. కోట గోడ దగ్గర మాత్రం స్టోరీటెల్లర్ ఫోను జేబులో పెట్టేసి సొంత సరుకు వదులుతాడు. కోట అడుగు నుంచి బొబ్బిలి దాకా రహస్య సొరంగం ఉందట. 1757లో ఆ రెండు ఊళ్ళ మధ్య జరిగింది యుద్ధం. అంత చక్కటి అడ్డదారి ఉండగా, విజయనగరం రాజుకి సాయం వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఈడ్చుకుంటూ నేల మీద నుంచి ఎందుకు వెళ్ళాడో పాపం. అయినా ఈ ఒక్క విషయంలో నాకు కోపం లేదు. అబద్ధమైనా తలెత్తి, మనుషుల కళ్ళల్లోకి చూసి చెప్పాడు.

సంగీత కళాశాల దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోయింది.

1919లో మొదలైన కళాశాల అది. నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడిని, వాయులీనం విని, ఏకంగా మేష్టారిగా కూర్చోబెట్టుకున్న చోటు. ఘంటసాల చేతిలో డబ్బు లేకుండా ఇక్కడికే వచ్చి, భుజానికి జోలె కట్టుకుని ఇంటింటా మధూకరం ఎత్తుకుని చదువుకున్నాడు. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. పిల్లలు అన్నం వదిలేస్తే మన అమ్మలు చెప్పే కథ ఇదే.

దాన్ని ఆట చేశారు. ‘మధూకరం ఛాలెంజ్’ అని పేరు. వీధిలో అక్కడక్కడా దాచిన ఏడు విస్తరాకు బొమ్మల్ని ఫోనుతో పట్టాలి. ఏడూ దొరికితే ‘అభినందనలు! మీ కడుపు నిండింది’ అని వస్తుంది, గంటలు మోగుతాయి. దొరక్కపోతే అదే ఏనుగు.

ఎవడి బుర్రలో పుట్టింది ఇది? ఒక పిల్లవాడు పరాయి గుమ్మం ముందు నిలబడి, ఇవాళ పెడతారో పెట్టరో అని ఎదురుచూడడం మీకు యాభై పాయింట్ల సరదాగా ఎలా కనిపించింది? ఏ వాకిట్లో ఏ తల్లి పిడికెడు అన్నం వేసిందో ఈ వీధుల్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగి రాసుకుంటే అది చరిత్ర అయ్యేది. దానికి అరగంట అరుగు మీద కూర్చోవాలి, కాఫీ తాగాలి, చెవుల్లోవి తీయాలి. అంత ఓపిక ఎవరికుంది? గారెలు తిన్న కడుపుతో విస్తరాకు బొమ్మల వెంట పరిగెత్తడం సుఖం కదా.

ఆఖరి మజిలీ మూడు లాంతర్లు. ఇది వాళ్ళ దగ్గరున్న పెద్ద మ్యాజిక్. ఫోను ఎత్తి జంక్షన్ వైపు చూపిస్తే తెర మీద పాత మూడు లాంతర్ల స్తంభం నేలలోంచి లేస్తుంది. లాంతర్లు వెలుగుతాయి. వేలితో తిప్పితే తిరుగుతుంది. ఇరవై మందీ ఒక్కసారి ‘వావ్’ అన్నారు. అందులో ఒకాయన ఫోను పక్కకి తీసి రోడ్డు వైపు చూసి, “ఇదెక్కడుంది?” అన్నాడు.

“ఇక్కడే ఉండేది సర్.”

“ఏమైంది?”

“ఆ పార్ట్ స్క్రిప్టులో లేదు సర్.”

నేను చెబుతాను. 2020 మే నెలలో, కరోనా లాక్‌డౌన్‌లో జనం తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు, దాన్ని కూల్చేశారు. పేరు చెబితే ఆటోవాడు నేరుగా తీసుకొచ్చి దింపే గుర్తు, తాతలు ముత్తాతలు ‘అక్కడ కలుద్దాం’ అనుకున్న చోటు, ఒక్క రోజులో రాళ్ళ గుట్ట. తర్వాత ప్రకటనలు వచ్చాయి, వివరణలు వచ్చాయి, ఇంతకంటే బాగా కడతామన్నారు. బాగా కట్టమని ఎవరడిగారు? ఉన్నదాన్ని ఉంచమన్నాం. ఒక్కరు బయటికొచ్చి ‘తప్పు చేశాం’ అన్నారా? ఇప్పుడేమో దాన్నే 799 రూపాయలకి ఫోనులో లేపి చూపిస్తున్నారు. ఈ లెక్కన కంగారేం లేదు. గంటస్తంభం కూలినా ఫోనులో ఉంటుంది, అయ్యకోనేరు ఎండినా ఫోనులో నిండుగా ఉంటుంది. గురజాడ ఇల్లూ, మాస్టారి అరుగూ, మాస్టారూ అందులోనే ఉంటారు. కూల్చేవాడికి ఇంతకంటే మంచి సాకు ఇంకెవడివ్వగలడు? కడుపు మండిపోతోంది, ఏమనుకోకండి.

కొత్త కబురు ఒకటి. వచ్చే సిరిమానోత్సవానికి వీళ్ళు ‘ప్రీమియం వాక్’ పెడుతున్నారట. దసరా వెళ్ళిన మంగళవారం, పైడితల్లి అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే పూజారి కొసన కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంటే, వీళ్ళు నారింజ తాళ్ళతో దాని వెంట నడుస్తూ మజిలీ మజిలీకీ ప్రశ్నలకి జవాబులు నొక్కుతారట. బుకింగ్ అప్పుడే మొదలైంది. రండి, తప్పకుండా రండి. ఆ మధ్యాహ్నం మూడు లాంతర్ల దగ్గర ఎవరు ఎటు నడవాలో నీలం చుక్క చెప్పదు, వెనకున్న లక్షమంది చెబుతారు. స్టోరీటెల్లర్ జెండా ఎత్తితే, జనం సిరిమాను మీదికి విసిరే అరటిపళ్ళు తగులుతాయి. ఇయర్‌ఫోన్లు తెచ్చుకోవచ్చు, అభ్యంతరం లేదు. సాయంత్రం ఎవరి చెవుల్లోవి ఎవరి ఇంటికి చేరాయో మాత్రం ఆ ఏనుగునే అడగాలి.