ముత్యాలమ్మ పేరు ఏ జాబితాలో రాస్తారు?

పోలవరం ముంపు గూడెంలో సర్వే అంటే ఇల్లు కొలవడం, గోడ మట్టిదా ఇటుకదా రాసుకోవడం, మామిడి, చింత, తాడి చెట్లు లెక్కపెట్టడం. ఊరి మొదట్లో చెట్టు కింద పసుపు పూసిన ముత్యాలమ్మ రాయి ఉంటుంది. దానికి పట్టా లేదు, యజమాని లేడు. మరి ఆ రాయిని ఏ గడిలో రాస్తారు?

పోలవరం కావాలి. అందులో మాకు రెండో మాట లేదు. కానీ 45.72 మీటర్ల మట్టానికి నీరు నిలిపితే మునిగేవాటిలో కోయ, కొండరెడ్డి గూడేలు ఎన్నో ఉన్నాయి. ఆ గూడేల్లో నమ్మకం వేరు, బతుకు వేరు కావు.

భూమి పండుగనే చూడండి. తొలకరికి ముందు ఇంటింటి నుంచీ గింజలు తెచ్చి పూజారి ముందు పోస్తారు. వడ్లు, జొన్నలు, సామలు అన్నీ కలిపి వేల్పుకు చూపి, తలా ఇంత ఆకు దొప్పల్లో పంచుతారు. ఆ గింజ కలిపాకే దుక్కిలో విత్తు పడుతుంది. మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు బాటకు అడ్డంగా తాడు కట్టి రేలా పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ డబ్బులు అడుగుతారు. వేటకెళ్లినవాళ్లు ఉత్త చేతులతో వస్తే పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. అడవి, చేను, బాట, వేల్పు అన్నీ ఒక్కచోట ఉంటేనే జరిగే పండుగ ఇది. సిమెంటు రోడ్ల మధ్య వరుసగా కట్టిన కాలనీలో గింజలు ఎక్కడ కలపాలి? కలిపి ఏ చేలో చల్లాలి?

ఇది మనసు కరిగి మేము కోరుతున్న దయ కాదు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలే పునరావాస గ్రామంలో ప్రతి 50 కుటుంబాలకు ఒక ఆరాధనా స్థలం, చెట్టు కింద అరుగు ఉండాలంటోంది. గిరిజనుల సంప్రదాయ వ్యవస్థలకు విడిగా భూమి కేటాయించాలంటోంది. గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ఆచారాలను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఒడిశాలోని నియమగిరిలో కొండే దేవుడన్న డోంగ్రియా కోందు గిరిజనుల మాటను సుప్రీంకోర్టు 2013లో కొట్టిపారేయలేదు, ఆ కొండపై తవ్వకం నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి.

దేవీపట్నం వైపు గండిపోచమ్మ గుడిని గోదావరి వరద వచ్చినప్పుడల్లా చూస్తున్నాం. పాపికొండలకు వెళ్లే లాంచీ ఆపి దండం పెట్టుకునే గుడి, గోపురం దాకా నీళ్లలో నిలబడుతోంది. పేరున్న గుడి కాబట్టి ఫొటోలు వస్తున్నాయి. గూడెంలో చెట్టు కింది రాయి మునిగితే ఎవరికీ తెలియదు. పైగా వేల్పును కదపాలంటే లారీ ఎక్కిస్తే చాలదు. పూజారి అడగాలి, కొలుపు చెయ్యాలి, కొత్త చోటు ఊరే ఎంచాలి. వరద తరుముకొస్తుంటే రాత్రికి రాత్రి ఊరు ఖాళీ చేసే జనానికి ఆ వ్యవధి ఎక్కడిది?

మొదటి దశలో 41.15 మీటర్ల వరకే నీరు నిలుపుతామంటున్నారు. ఆ పై మట్టంలో మునిగే కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాల ఊళ్లలో జనం ఇంకా ఉన్నారు, వేల్పులూ ఉన్నాయి. వచ్చే భూమి పండుగలోపు అక్కడ గ్రామసభలు పెట్టాలి. పూజారినీ ఊరి పెద్దనూ పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి రాయి, ప్రతి చెట్టు, ప్రతి సమాధి ఊరివాళ్లు పిలిచే పేరుతోనే రాయాలి. ఆ జాబితా పూర్తయ్యాకే కాలనీకి స్థలం ఖరారు చెయ్యాలి.