మర్రిపాలెం డీజిల్ తాతకు ఒక ఉత్తరం

తాతా,

విశాఖ మర్రిపాలెంలో మూలపడ్డ పాత డీజిల్ రైలింజన్‌వి నువ్వు. ఆరోగ్యం ఎలా ఉందని అడగను. బానెట్ తలుపు సందులోంచి రావి మొక్క తొంగిచూస్తుంటే అడగడం బాగుండదు. నంబరు చదవాలంటే ముందు తుప్పును వేలితో రుద్దాలి. సముద్రపు గాలి మంచిదని మనుషులకు చెబుతారు గానీ, ఇనుముకు ఎవరూ చెప్పరు.

అసలు నీ తప్పేమిటో తెలుసా? నేల మీద పుట్టడం. నీళ్లలో తిరిగిన కుర్సురా జలాంతర్గామి 2001లో రిటైరైతే, మరుసటి ఏడాదికల్లా ఒడ్డుకు లాక్కొచ్చి బీచ్ రోడ్డులో మ్యూజియం చేశారు. ఆకాశంలో తిరిగిన టీయూ-142 విమానాన్ని విప్పి, తెచ్చి, మళ్లీ బిగించి 2017లో దాని ఎదురుగానే నిలబెట్టారు. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లెక్కిన బంగ్లాదేశ్ ఓడను కూడా రెస్టారెంట్ చేస్తామన్నారు. నువ్వేమో బుద్ధిగా పట్టాల మీదే ఉద్యోగం చేశావు. బుద్ధిమంతుణ్ని టికెట్ కొని ఎవరు చూస్తారు చెప్పు?

నీ బయోడేటా తీసిపారేసేది కాదు. నీ మోడల్ డబ్ల్యూడీఎం-2 అంటే మాటలా! పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, 112.8 టన్నుల ఒళ్లు. 1962లో మీ వాళ్లలో మొదటివాళ్లు అమెరికాలోని ఆల్కో అనే ఇంజిన్ల కంపెనీ నుంచి ఓడెక్కి వచ్చారు. 1964 నుంచి వారణాసి రైలింజన్ల కర్మాగారంలో పుట్టారు. ఆల్కో 1969లోనే మూతపడింది. పుట్టింటికి తాళం పడ్డాక కూడా మీరు దశాబ్దాల పాటు బండ్లు లాగారు.

అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేది కేకే లైను సంగతి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, 58 సొరంగాలు తొలిచి వేసిన లైను. 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషన్. 1980ల మొదట్లో కరెంటు తీగలు వచ్చేదాకా ఆ ఘాట్‌లో డీజిళ్లదే రాజ్యం. ఊరంతటికీ ఇనుము మోసిపెట్టిన వంశం మీది. ఇప్పుడు నిన్నే ఇనుము కింద తూకం వేస్తామంటున్నారు. ఆన్‌లైన్ వేలం అట. మర్యాదకు లోటు లేదు.

ఈమధ్య "పునరుద్ధరణ" అనే మాట కూడా వినిపిస్తోంది. నాకు అసలు టెన్షన్ అదే. మన దగ్గర దానికి రెండు డబ్బాల పెయింట్ చాలు. చక్రాలకు తెల్ల గీత, బంపర్‌కు ఎర్ర రంగు, పక్కన సెల్ఫీ పాయింట్, రిబ్బన్ కత్తిరించే పెద్దమనిషి పేరుతో నీ పేరుకన్నా పెద్ద శిలాఫలకం. లోపల ఎలుకలు కాపురం చేసుకుంటున్నా ఫరవాలేదు, అవి ఫొటోలో పడవు.

నిజంగా లేపాలంటే పని వేరు. ముందు క్రాంక్‌షాఫ్ట్‌ను చేత్తో మెల్లగా తిప్పి, సిలిండర్లలోకి నీళ్లు దిగాయేమో చూడాలి. చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్ల తేమ ఆరబెట్టి ఇన్సులేషన్ కొలవాలి. గట్టిపడిన రబ్బరు సీళ్లన్నీ మార్చాలి. ఇవన్నీ మాన్యువల్‌లో ఉంటాయి. చప్పుడు విని ఏ సిలిండర్ తేడాగా కొడుతోందో చెప్పే చెవి మాత్రం ఉండదు. ఆ చెవులున్న ఫిట్టర్లు రిటైరై, కంచరపాలెంలో మనవళ్లను ఆటో ఎక్కించి పంపుతున్నారు. టీ, బిస్కెట్లు ఇచ్చి ఓ నెల రోజులు షెడ్డుకు పిలిస్తే పరిగెత్తుకొస్తారు. కాకపోతే టీ బిస్కెట్లకు టెండరు పిలవాలి కదా, అక్కడ ఆగిపోతుంది.

ఏటా ఒక్కరోజైనా నిన్ను స్టార్ట్ చేసి, యార్డులో వంద గజాలు నడిపిస్తే చాలునని నా ఆశ. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో అందుకునేలోపు నువ్వు వదిలే నల్లపొగకు నోటీసు ఇస్తారేమో, ఇవ్వనీ. బతికున్నవాళ్లకే కదా నోటీసులు వచ్చేది.

ఈలోగా గ్యాస్ కట్టర్ పట్టుకుని ఎవడైనా దగ్గరకొస్తే గట్టిగా హారన్ కొట్టు. అన్నట్టు, హారన్‌కు గాలి కావాలి, గాలికి కంప్రెసర్ తిరగాలి, కంప్రెసర్‌కు ఇంజిన్ తిరగాలి. సరే, నువ్వు కదలకు. నేనే అరుస్తాను.

ఇట్లు,
పట్టాల అవతల నుంచి చూసే నీ మనవడు