సైగలు తెలియని కారు బెజవాడకు వస్తే

సాయంత్రం ఏడింటికి ఏలూరు రోడ్డు దాటాలంటే బెజవాడలో ఒక పద్ధతి ఉంది. అరచెయ్యి అడ్డంగా చాపి, వచ్చే ఆటో డ్రైవర్ కళ్లలోకి చూస్తూ అడుగు వెయ్యాలి. అతను బండి ఆపడు, కాస్త వేగం తగ్గించి మన వెనక నుంచి పోతాడు. మొన్న మా అమ్మ కూరల సంచితో అలాగే దాటింది. నడిమధ్యలో ఆగి, బైకు మీద వస్తున్న కుర్రాడికి తలూపి, అతను తగ్గాకే కదిలింది. డ్రైవర్ లేని కార్ల గురించి ఎక్కడ చదివినా నాకు ఆ తలూపడమే గుర్తొస్తుంది.

అమెరికాలోని ఫీనిక్స్‌లో వేమో సంస్థ 2020లోనే డ్రైవర్ లేని టాక్సీలను జనానికి అందుబాటులోకి తెచ్చింది. వెడల్పాటి రోడ్లు, గీత దాటని బండ్లు ఉన్న ఊరది. కానీ 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో, వేరే కారు గుద్దడంతో తన ముందు పడిన మహిళను క్రూజ్ అనే మరో సంస్థ డ్రైవర్ లేని కారు ఈడ్చుకుపోయింది. కింద మనిషి ఉందని దానికి తెలియలేదు. కాలిఫోర్నియా ప్రభుత్వం ఆ సంస్థ అనుమతి నిలిపేసింది.

మన రోడ్ల కోసం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు హైదరాబాద్, బెంగళూరు వీధుల్లో తీసిన సుమారు 10 వేల చిత్రాల్లో ఆటోలను, పశువులను కూడా విడిగా గుర్తించి పెట్టారు. చాలా మంచి పని. ఎదురుగా ఉన్నది ఆటో అని యంత్రానికి దాంతో తెలుస్తుంది. ఆ ఆటో ఎప్పుడు చటుక్కున ఎడమకు కొడుతుందో తెలియాలంటే మాత్రం రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషిని చూడాలి.

ఆ తెలివి కూడా ఎప్పటికో వస్తుందనే అనుకుందాం. నా అసలు టెన్షన్ వేరు. బీసెంట్ రోడ్డు దగ్గర బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు. రేపు సొంత కారు యజమానిని దింపేసి, ఆయన షాపింగ్ అయ్యేదాకా చుట్టుపక్కల వీధుల్లో ఖాళీగా తిరుగుతూ ఉంటే? మనిషే లేని కార్లతో కూడా ట్రాఫిక్ జామ్ అవుతుంది. అందుకే ఈ టెక్నాలజీ మన ఊరికి వస్తే ముందు బస్సుగానే రావాలి. సత్యనారాయణపురంలో బీఆర్‌టీఎస్ రోడ్డు మధ్యలో బస్సుల కోసమే వేసిన వరుసలున్నాయి. నిదానంగా పరీక్షించడానికి అంతకన్నా మంచి చోటు నాకు కనపడదు.

మరి ఆటోవాళ్లు? డ్రైవర్ల పొట్ట కొట్టే కార్లను రానివ్వనని కేంద్ర మంత్రి గడ్కరీ 2023లోనూ అన్నారు. కానీ కార్లు రాకుండానే దెబ్బ తగలొచ్చు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలయ్యాక బేరాలు పడిపోయాయని ఆటోవాళ్లు మొత్తుకున్నారు. అక్టోబరులో ప్రభుత్వం అర్హులైన డ్రైవర్లకు 15 వేల రూపాయల చొప్పున ఇవ్వాల్సి వచ్చింది. ఏడాదికి ఒకసారి వచ్చే ఆ డబ్బుతో ఫైనాన్స్ కిస్తీలు ఎన్ని తీరతాయి? బీఆర్‌టీఎస్ రోడ్డులో డ్రైవర్ లేని బస్సు తిరిగే రోజు వస్తే, సందుల్లోంచి జనాన్ని ఆ స్టాపుకు చేర్చే పని షేర్ ఆటోలకే ఇస్తామని ముందే కాగితం మీద రాసివ్వాలి. మా అమ్మ చెయ్యెత్తితే ఆగేది వాళ్లే.