గేటు లేవలేదు

2025 డిసెంబరులో ఒక ఆదివారం అత్తగారిని ఊళ్ళో దింపడానికి హైదరాబాద్ నుంచి కారులో బయలుదేరాం. "నన్ను ఆర్టీసీ బస్సెక్కించండి బాబూ, మీకెందుకు శ్రమ" అని ఆవిడ ముందే అన్నారు. నేను వినలేదు.

తప్పంతా బావమరిదిది. "పెట్రోలు మీద అంత లాగుతారు కదా బావా, మళ్ళీ ఈ టోలెందుకు?" అన్నాడు. నన్ను అడక్కూడని ప్రశ్న. లీటరు మీద వేసే రోడ్ల సెస్సు, అంటే రోడ్ల కోసమని వేసే అదనపు పన్ను, వేరే నిధిలో పడుతుందని, 2000లో చట్టం చేసినప్పుడు అది ఒట్టి రోడ్ల నిధేనని, 2018లో దానికి మౌలిక సదుపాయాలు తగిలించి పేరు పొడిగించారని మొదలుపెట్టాను. కేంద్రం పంచుకునే పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం వస్తుంది గానీ సెస్సు ఆ విస్తట్లోకి రాదని, దాంట్లోంచి రాష్ట్ర రోడ్లకు దక్కేది కేంద్రం విడిగా వడ్డించేదేనని చెప్పాను. పల్లె రోడ్డయితే కేంద్రం 60, రాష్ట్రం 40. మెట్రోకైతే ఇద్దరూ మూలధనం సమానంగా పెట్టి మిగతాది అప్పు తెచ్చే పద్ధతొకటి. మన హైదరాబాద్ మెట్రో మొదటి దశ అలా కూడా కాదు, ప్రైవేటు కంపెనీ కడితే కేంద్రం లోటు పూడ్చే గ్రాంటు ఇచ్చింది. వెనక సీట్లో మా ఆవిడ నిద్రపోయింది. అత్తగారు మాత్రం శ్రద్ధగా వింటున్నారు. అదే కొంప ముంచింది.

టోల్‌గేటు వచ్చింది. గేటు లేవలేదు.

కారు కాస్త వెనక్కి తీశాను, ముందుకు పోనిచ్చాను. దేవుడికి హారతి ఇచ్చినట్టు పైనున్న స్కానరు ముందు కారుని అటూ ఇటూ ఆడించాను. చేతి స్కానరుతో ఒక కుర్రాడు వచ్చి అద్దం మీద స్టిక్కరుకి పెట్టి చూసి, "బ్లాక్‌లిస్ట్ సార్" అన్నాడు. నెమ్మదిగా అనొచ్చు కదా! నేను జీవితంలో కరెంటు బిల్లు కూడా గడువు దాటనివ్వను. ఫాస్టాగ్‌లో డబ్బులు నిండుగా ఉన్నాయి. కానీ బ్యాంకువాళ్ళకు కేవైసీ చాలలేదు. నా గురించి మూడుసార్లు తెలుసుకున్నాక ఇప్పుడు కారు గురించి తెలుసుకోవాలట, దాని పేరు కేవైవీ. నంబరు ప్లేటు, స్టిక్కరు కనపడేలా ముందు నుంచి ఒక ఫొటో. పంపాను మహాప్రభో! ఫొటోలో స్టిక్కరు సరిగ్గా కనపడటం లేదని తిప్పికొట్టారు. నా పెళ్ళిచూపులప్పుడు కూడా ఎవరూ ఇంత పట్టుబట్టలేదు.

"యూపీఐ అయితే టోలుకి ఒకటింబావు రెట్లు, క్యాష్ అయితే డబుల్ సార్." 2025 నవంబరు 15 నుంచి అప్పట్లో అదీ రూలు. ఇది కూడా నాకు తెలుసు. ఇందాక బావమరిదికి చెప్పాను కూడా, ఎవరో తెలివితక్కువ వాళ్ళ సంగతి చెప్పినట్టు. క్యూఆర్ అట్ట మీద ఫోను పెట్టాను. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తీయడం మర్చిపోయాడు. పక్క లేన్‌లోంచి ఆర్టీసీ బస్సు ఆగీ ఆగనట్టు ఆగి వెళ్ళిపోయింది. టోలు వాళ్ళకూ ఉంది, టికెట్టులోనే కలిపేస్తారు, ఎవరి పరువూ పోదు. కిటికీ పక్కనున్న పిల్లవాడు నాకు టాటా చెప్పాడు.

ఫెయిల్డ్. నా పర్సులో ఉన్నవి రెండు పది రూపాయల నోట్లు, ఒక జిరాక్స్ రసీదు. బావమరిది హఠాత్తుగా పొలాల వైపు చూడటం మొదలుపెట్టాడు.

అప్పుడు వెనకనుంచి అత్తగారు సంచిలోంచి రుమాలు తీశారు. ముడి గోటితో రాలేదు, పంటితో విప్పారు. వక్కపొడి వాసనొస్తున్న నోట్లు లెక్కపెట్టి, నా భుజం మీదుగా ఆ కుర్రాడికే నేరుగా అందించారు. గేటు లేచింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ఆ సెస్సు డబ్బులు ఇక్కడ చెల్లవా బాబూ?" అన్నారావిడ. వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

అద్దంలో చూశాను. రుమాలు ఒళ్ళోనే ఉంది, ముడి మళ్ళీ వేయలేదు.

"ఇంకెన్ని గేట్లున్నాయి?"

రెండున్నాయి.